నచ్చని ఉద్యోగంలో జీతం పెంచుతామంటే... గ్రూప్-2 చదివేవాళ్లకు నా అనుభవం

శ్రీకాకుళం, విజయనగరం నుంచి రోజూ కంపెనీ బస్సెక్కి పైడిభీమవరం ఫార్మా యూనిట్లకు వెళ్తూ గ్రూప్-2 చదివేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక నేనూ అక్కడే ఒక కంపెనీలో ప్రొడక్షన్‌లో చేరాను. ఇప్పుడు జూనియర్లు ఫోన్ చేస్తే ఎక్కువమంది అడిగేది ఇదే: "అన్నా, ఇక్కడ ఉండలేకపోతున్నాను. కానీ జీతం పెంచుతామంటున్నారు. ఏం చెయ్యమంటావు?"

నాకూ ఆ పరిస్థితి వచ్చింది. షిఫ్టులు వారం వారం మారేవి. మన తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన రిలీవర్ రాకపోతే తర్వాతి షిఫ్టు కూడా మనమే చెయ్యాలి. ఇంటికొచ్చి స్నానం చేసినా సాల్వెంట్ వాసన వదిలేది కాదు. చిన్న పొరపాటుకు కూడా అందరి ముందూ తిట్లు. మానేస్తానని చెప్తే, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని చేసి నెలకు ఆరు వేలు పెంచుతామన్నారు. "జీతం పెంచుతామంటే ఒద్దంతావేట్రా?" అంది అమ్మ. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు కట్టాల్సింది నేనే.

అప్పటికే ఇన్‌చార్జ్‌లుగా ఉన్నవాళ్లను కూర్చోబెట్టి అడిగాను. జీతం సంగతి కాదు, షిఫ్ట్ అయ్యాక గేటు దాటేది ఎన్ని గంటలకో అడిగాను. బ్యాచ్ రికార్డులు సరిచూసి, తర్వాతి షిఫ్టుకి అప్పగించి బయటపడేసరికి రెండు గంటలు అదనం. ఆడిట్ ఉంటే సెలవు లేదు. ఇంట్లో ఉన్న రోజు కూడా ఫోన్లు వస్తూనే ఉంటాయి. అంటే ఆ ఆరు వేలకు వాళ్లు అడుగుతున్నది నేను చదువుకునే సమయాన్నే.

ఇంకో విషయం నా మాక్ టెస్టుల్లో కనిపించింది. నైట్ షిఫ్ట్ వారంలో రాసిన పరీక్షల్లో నేను జవాబు పెట్టే ప్రశ్నల సంఖ్య తగ్గేది కాదు, తప్పులు పెరిగేవి. ప్రతి తప్పుకీ మూడో వంతు మార్కు పోతుంది. నిద్ర చాలని బుర్ర తెలియని ప్రశ్నను వదిలేయదు, ఏదో ఒకటి పెట్టేస్తుంది. పాలిటీ, ఎకానమీ అలా చదివితే అసలు నిలవవు. మెంటల్ ఎబిలిటీ, కరెంట్ అఫైర్స్ మాత్రం బస్సులోనూ సాగుతాయి.

అలాగని ఉద్యోగం పూర్తిగా వదల్లేదు. విజయనగరంలోనే నీళ్లు, మట్టి పరీక్షించే చిన్న ల్యాబ్‌లో చేరాను. పాత జీతం కంటే తక్కువే, కానీ ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు వరకే పని, షిఫ్టులు లేవు. తెల్లవారుజామున ఏపీ చరిత్ర, రాజ్యాంగం చదివేవాణ్ని. మెయిన్స్ మొదటి పేపర్లో ఈ రెండిటికీ చెరి 75 మార్కులు. ఆదివారం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఎకానమీ. శాలిహుండం, శ్రీముఖలింగం, రామతీర్థం మన చుట్టుపక్కలే ఉన్నాయి. ఒకసారి చూసొచ్చి చదివితే బౌద్ధం, తూర్పు గాంగుల పాఠాలు మళ్లీ మళ్లీ తిప్పాల్సిన పని ఉండదు.

ఉద్యోగం ఉంచుకోవడం ఎంత అవసరమో 2023 నోటిఫికేషనే చూపించింది. డిసెంబరు 7న 897 పోస్టులకు ప్రకటన ఇచ్చి, 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ పెట్టారు. మధ్యలో రెండున్నర నెలలే. ప్రకటన వచ్చాక మొదలుపెట్టినవాళ్లకు అది చాల్లేదు. మెయిన్స్ ముందు జులై 28 అన్నారు, తర్వాత 2025 జనవరి 5 అన్నారు, చివరికి ఫిబ్రవరి 23న జరిగింది. ప్రిలిమ్స్ గట్టెక్కాక రాజీనామా చేసిన నా స్నేహితుడు ఆ వాయిదాల మధ్యలో డబ్బుల్లేక ఇంకా తక్కువ జీతానికి మళ్లీ షిఫ్టుల్లో చేరాడు. తెలివైనవాడు, నాకు పాలిటీ నేర్పింది అతనే. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను మెయిన్స్ రాశాను, పోస్టు రాలేదు. తర్వాతి నోటిఫికేషన్‌కి చదువుతున్నాను. ల్యాబ్‌లో చేరినందుకు మాత్రం ఏ రోజూ చింతించలేదు.

ఇంట్లో వడ్డీ అప్పు ఉంటే పెంచిన జీతం తీసుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే పెరిగిన మొత్తాన్ని వేరే ఖాతాలో వేసి, అప్పు తీరే నెల ఏదో ఇంట్లో ముందే చెప్పెయ్యండి. అప్పు లేనివాళ్లు మాత్రం ముందు పగటి ఉద్యోగం వెతకండి, దొరికాకే రాజీనామా ఇవ్వండి. ఇచ్చేముందు నోటీస్ పీరియడ్ ఎంతో ఆఫర్ లెటర్లో చూసుకోండి. ఐదేళ్ల సర్వీసుకు దగ్గర్లో ఉంటే గ్రాట్యుటీ కోసం ఆ కొద్ది నెలలూ ఓర్చుకోండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా హెచ్‌ఆర్ వాళ్లను అడగడం ఆపొద్దు.