నిజరూప దర్శనం నాడు అలంపురంలో

వసంత పంచమి నాడు అలంపురం జోగులాంబ నిజరూప దర్శనం ఉంటుందని, అందరం కలిసి పోదామని మా మేనత్తే పట్టుబట్టింది. మహబూబ్‌నగర్‌లో తెల్లవారకముందే బయలుదేరి, జడ్చర్ల, పెబ్బేరు దాటి, బీచుపల్లి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని మళ్ళీ జీపు ఎక్కుతుండగా అత్త మా అమ్మతో మెల్లగా, "వదినా, ఆ బొట్టు తీసెయ్. నాకైతే పట్టింపు లేదు గని, మనూరోళ్లు శానమంది వస్తరు, ఏమన్న అంటరు" అన్నది.

నాన్న పోయిన తర్వాత కూడా అమ్మ చిన్న స్టిక్కరు బొట్టు మానలేదు. అది పెట్టుకునే బడిలో పిల్లలకు పాఠాలు చెప్పింది. ఇప్పుడు మారుమాట లేకుండా తీసేసింది. అత్తకు పట్టింపు లేదు, మామకు లేదు, ఆ ఊరివాళ్ళలో సగం మందికైనా ఉండకపోవచ్చు; అయినా ఒకరికొకరు జడిసి, ఎవరూ నమ్మని ఆచారాన్ని అందరూ కలిసి మోస్తున్నారని నాకు అనిపించింది.

పద్నాలుగో శతాబ్దపు దాడుల్లో పాత గుడి కూలిపోగా, అమ్మవారు బాలబ్రహ్మేశ్వరుని ఆలయంలోనే ఉండి, 2005లో పూర్వస్థానంలో కట్టిన కొత్త గుడికి చేరింది. మిగతా రోజుల్లో చీర, పూలదండల మాటున ఉండే మూర్తిని ఆనాడు ఏ అలంకారమూ లేకుండా చూడవచ్చు. పైకి లేచిన జటలు, వాటిలో బల్లి, తేలు, కపాలం ఉంటాయని చిన్నప్పటి నుండి విన్నదే గాని, ఆ తోపులాటలో నాకు జటలు తప్ప మరేవీ స్పష్టంగా కనబడలేదు. ఇంట్లో బల్లి పలికితే పంచాంగం తీసే మా అత్త, అదే బల్లిని తలకెక్కించుకున్న తల్లికి చెంపలు వేసుకుని మొక్కుతుంటే, ఆ ఉగ్రరూపం ముందు మా అమ్మ నుదుటి బొట్టు ఎవరికి అపచారమో నాకు అర్థం కాలేదు.

పూజారి వరుసలో ఉన్నవారందరికీ ఏమీ అడగకుండానే కుంకుమ ఇచ్చాడు. అమ్మ దానిని కాగితంలో పొట్లం కట్టుకుంది. మా ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎదురై, కుశలమడిగి, ప్రసాదం కోసం ముందుకు సాగిపోయారు; అమ్మ ముఖం వైపు ఎవరూ పరీక్షగా చూడలేదు.

శ్రీశైలానికి అలంపురం పశ్చిమ ద్వారం గనుక శివరాత్రికి మల్లన్న దగ్గరికి కూడా పోదామని తిరుగు ప్రయాణంలో అత్త అన్నది. "వస్త, గని బొట్టు తియ్య" అన్నది అమ్మ. అత్త కాసేపు ఊరుకుని, "అప్పటికి చూద్దాంలే వదినా" అన్నది.