తండ్రిగారికి పౌరుషం వచ్చింది

పాలలో కలుపుకునే పొడి ప్రకటనల్లో పిల్లలు ఎంత చురుకో! ఒక్క గ్లాసు తాగగానే పొడుగవుతారు, పరుగుపందెం గెలుస్తారు, లెక్కల్లో ఫస్టు వస్తారు. మన ఆహార భద్రత చట్టంలో మాత్రం 'హెల్త్ డ్రింక్' అనే దానికి నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను ఆ విభాగంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది కూడా. చక్కెర ఎంతో డబ్బా వెనక చీమకాళ్లంత అక్షరాల్లో ఉంటుంది. చదివే ఓపిక ఎవరికి?

మొన్న రైల్లో ఎదుటి బెర్తు బాబు అలాంటి ప్రకటనను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఫోను పూర్తి శబ్దంతో మోగుతోంది, పెట్టె అంతా వింటోంది. వాడి ధారణ చూసి ముచ్చటేసింది, నిజం చెప్పాలంటే. ఒక పెద్దాయన "కొంచెం తగ్గించు నాన్నా" అన్నారు. వాడు వెంటనే తగ్గించాడు. తండ్రికే పౌరుషం వచ్చింది: "చిన్నపిల్లవాడు కదండీ, చూసుకోనివ్వండి!" వాడు మళ్లీ పెంచాడు.

మా చిన్నప్పుడు బస్సులో సీటు మీద కాళ్లు పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మందలించేవారు. అమ్మ వాళ్ల పక్షమే. ఇంటికెళ్లాక మరో విడత ఉండేది (అది కాస్త ఎక్కువే, ఇప్పటికీ నా అభిప్రాయం అదే).

రాత్రి 10 దాటాక గట్టిగా శబ్దాలు పెట్టకూడదని రైల్వే 2022లోనే చెప్పింది. టికెట్ తనిఖీ చేసేవారికి ఫిర్యాదు చేయవచ్చు. పెట్టెలో అంతమందిమి ఉన్నాం, ఒక్కరూ చేయలేదు.