జులై 22, సోలాపూర్: ఫ్లెక్సీల రోజు

మంగళవారం, 22 జులై 2025.

ఈ రోజు నల్లా వచ్చే రోజు కాదు కాబట్టి తీరిగ్గా లేచాను. సోలాపూర్‌లో ఉండని వాళ్లకి ఈ మాట అర్థం కాదు. ఉజనీ డ్యామ్ మా జిల్లాలోనే ఉంది, అయినా ఊళ్లో నీళ్లు రోజు విడిచి రోజు కూడా రావు, ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, పెళ్లిచూపులైనా చుట్టాల రాకైనా నల్లా రోజు చూసుకునే పెట్టుకుంటాం. పొద్దున అమ్మ కడక్ భాక్రీ, శేంగా చట్నీ పెట్టి, "నా ఆధార్ సంగతి చూస్తనన్నవ్ గదరా" అని గుర్తుచేసింది. చూస్తానన్నాను. ఆ పని మీదే బయల్దేరితే దారిలో ఫ్లెక్సీలు.

జులై 22 మహారాష్ట్రలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసేవాళ్లకి పండగ. ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ పుట్టినరోజు ఇదే, ఉపముఖ్యమంత్రి అజిత్ పవార్ పుట్టినరోజూ ఇదే. ఒకాయన 1970లో, ఇంకొకాయన 1959లో. రెండు పార్టీలు ఒకే ప్రభుత్వంలో ఉన్నాయి కాబట్టి మా చౌక్‌లో ఇద్దరూ పక్కపక్కనే నవ్వుతున్నారు. కింద రక్తదాన శిబిరం, టెంట్, బిస్కెట్ ప్యాకెట్లు. ఫ్లెక్సీ కింది వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లు, ఒకడి పేరు మీద 'భావీ నగరసేవక్' అని రాసి ఉంది. కాబోయే కార్పొరేటర్ అన్నమాట. ఆ కుర్రాడు మా అక్క కొడుకే.

వాడికి ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. బీకాం అయ్యాక వాళ్ల నాన్న టెర్రీ టవల్ మగ్గాలు చూసుకోకుండా పార్టీ ఆఫీసులో తిరుగుతున్నాడని అక్కకి టెన్షన్. నన్ను చూసి టెంట్‌లోంచి పరుగెత్తుకొచ్చి, "మామా, రక్తం ఇస్తవా" అన్నాడు. ఇచ్చాను. అక్కడ పడుకోబెట్టి చేతిలో బంతి పెట్టాక వాడి ఉపన్యాసం మొదలైంది. తప్పించుకోలేని చోట దొరికానని వాడికీ తెలుసు.

"ఫడ్నవీస్ సాహెబ్ ఎక్కడ మొదలువెట్టిండో ఎర్కేనా మామా? నాగ్‌పూర్‌ల ఒక వార్డుల."

ఎరుకే. 1992లో నాగ్‌పూర్ రామ్‌నగర్ వార్డు నుంచి కార్పొరేటర్, అప్పటికి లా చదువు అప్పుడప్పుడే పూర్తవుతోంది. 1997లో మేయర్, అప్పుడాయనకి ఇరవై ఏడేళ్లని చెబుతారు. తర్వాత ముంబైకి, నాగ్‌పూర్‌కి మేయర్-ఇన్-కౌన్సిల్ పద్ధతి తెచ్చినప్పుడు మళ్లీ ఆయనే మేయర్ (ఆ పద్ధతి ఎక్కువ కాలం బతకలేదు). 1999లో నాగ్‌పూర్ వెస్ట్ ఎమ్మెల్యే, 2013లో రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడు, 2014 అక్టోబర్ 31న ముఖ్యమంత్రి. వార్డు గట్టర్ల దగ్గర మొదలైన మనిషి నలభై నాలుగేళ్లకి రాష్ట్రం ఏలాడు. వాడు చెప్పేటప్పుడు అదంతా ఎంత సాఫీగా వినపడిందంటే, రేపో ఎల్లుండో వాడికీ అలాగే జరిగిపోతుందేమో అనిపించింది.

నేను ఒకటి మాత్రం గుర్తుచేశాను. ఆయన ఖాళీ చేతులతో ఏమీ రాలేదు. నాన్న గంగాధర్‌రావు ఫడ్నవీస్ జనసంఘ్ మనిషి, ఎమ్మెల్సీ, ఎమర్జెన్సీలో జైలుకెళ్లాడు. పిన్ని శోభాతాయి 1995 సేన-బీజేపీ ప్రభుత్వంలో మంత్రి. సంఘం (ఆరెస్సెస్) ఇంట్లోనే ఉంది, ఏబీవీపీ కాలేజీలో ఉంది, పైగా ఊరు నాగ్‌పూర్. మీ నాన్నకి ఉన్నవి మగ్గాలురా అన్నాను. వాడు నొచ్చుకున్నాడు గానీ బంతి గట్టిగా పిసకమన్నాడు.

వాడి ముందు అనలేదు గానీ, ఆ మనిషి విషయంలో నాకు నచ్చేది ఒకటుంది. నేను ఆ పార్టీకి ఓటేసిన సార్లూ ఉన్నాయి, వేయని సార్లూ ఉన్నాయి. పైకొచ్చాక ఆయన అసెంబ్లీలో బడ్జెట్ మీద మాట్లాడితే అంకెలు తెలిసిన మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. టవల్ కార్ఖానాలో లెక్కలు రాసి బతికేవాడిని, అంకెలు వచ్చినవాడెవడో, రాసిచ్చింది చదివేవాడెవడో నాకు ఇట్టే తెలిసిపోతుంది. అది కార్పొరేషన్‌లో అబ్బే చదువే అనుకుంటాను. ఎందుకంటే మహారాష్ట్రలో మేయర్‌కి చేతిలో అధికారమంటూ పెద్దగా లేదు. సంతకం, సిబ్బంది, పని చేయించడం అంతా కమిషనర్‌ది, ఆయన ఐఏఎస్. మేయర్ సభ నడుపుతాడు, రిబ్బన్ కట్ చేస్తాడు, కారు మీద ఎర్రలైటు పోయాక ఆ దర్జా కూడా లేదు. టెండర్లు పాస్ అయ్యేది పదహారు మంది ఉండే స్థాయీ సమితి (స్టాండింగ్ కమిటీ)లో. అలాంటి చోట నెగ్గుకు రావాలంటే ఏ పద్దు కింద ఎంత ఉంది, ఏ ఫైల్ ఏ టేబుల్ మీద ఆగింది అన్నది అధికారి కంటే ఎక్కువ తెలిసుండాలి. లేకపోతే అయిదేళ్లూ అరవడంతో సరిపోతుంది. మా కార్పొరేషన్ ఆఫీసు ఇంద్రభవన్‌లో అలా అరిచి ఇంటికెళ్లినవాళ్లు చాలామందే.

ఇంకో ముచ్చట, ఇది మా బట్టల వ్యాపారంలో వాళ్లకి ఇష్టమైన కథ. 2006లో ఎమ్మెల్యేగా ఉండగానే నాగ్‌పూర్‌లో ఒక బట్టల దుకాణానికి మోడల్‌గా నిలబడ్డాడాయన. ఊరంతా హోర్డింగులు. అన్న ఫొటో కింద నిలబడ్డ మా మేనల్లుడు ఆ సంగతి వినగానే ఎగిరి గంతేశాడు, వాడికి అంతవరకు తెలియదట.

శిబిరంలోంచి బయటపడి ఆధార్ పనికి వెళ్లాను. అమ్మ ఇన్నాళ్లూ అన్నయ్య దగ్గర ఉండేది, ఇప్పుడు మా ఇంట్లో. అడ్రస్ మార్చాలి. కరెంటు బిల్లు ఇంటి ఓనర్ పేరు మీద, బ్యాంకు పుస్తకంలో పాత అడ్రస్. మా చిన్నప్పుడైతే దీనికి ఒకటే దారి. నగరసేవక్ ఇంటికి పొద్దున్నే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడితే, ఆయన బనియన్ మీదే లెటర్‌హెడ్ తీసి ఫలానా వాళ్లు ఫలానా చోట ఉంటున్నారని రాసి ముద్ర కొట్టేవాడు. ఇప్పటికీ ఆధార్ ఒప్పుకునే కాగితాల్లో కార్పొరేటర్ ఇచ్చే సర్టిఫికెట్ ఉంది. మా దగ్గర లేనిది కార్పొరేటరే. 2022 మార్చిలో పాలకమండలి గడువు అయిపోయింది, అప్పట్నుంచి కమిషనరే ప్రశాసకుడు, అంటే ఎన్నికైనవాళ్లు లేకుండా అన్నీ నడిపేది ఆయనే. ముంబై, పుణె, నాగ్‌పూర్, అన్నిచోట్లా ఇదే కథ. ఓబీసీ రిజర్వేషన్ కేసు సుప్రీంకోర్టులో, వార్డుల లెక్క మార్చడం మీద ఒక ప్రభుత్వం తర్వాత ఇంకో ప్రభుత్వం, అలా మూడేళ్లు దాటింది. ఈ మే 6న కోర్టు నాలుగు నెలల్లో ఎన్నికలు పెట్టమంది. అందుకే చౌకుల్లో ఇన్ని 'భావీ'లు.

మా మేనల్లుడి పార్టీవాళ్లతో అంటే గొడవకొస్తారు గానీ నాకు గుచ్చుకునేది ఇక్కడే. కార్పొరేషన్ మెట్లెక్కి పైకొచ్చిన మనిషి ముఖ్యమంత్రి. ఆయన పక్కన ఉన్న ఇంకో ఉపముఖ్యమంత్రి ఏక్‌నాథ్ శిందే కూడా 1997లో ఠాణే కార్పొరేటర్‌గా మొదలైనవాడే, నగర వికాస శాఖ (పట్టణాభివృద్ధి) ఇప్పుడు ఆయన చేతిలోనే ఉంది. (అజిత్ పవార్ దారి వేరు, చక్కెర ఫ్యాక్టరీ, జిల్లా బ్యాంకు.) మెట్ల విలువ ఇంతకంటే తెలిసినవాళ్లు ఇంకెవరుంటారు? వాళ్ల కాలంలోనే ఆ మెట్లు ఇన్నేళ్లు తాళం వేసి ఉన్నాయి. తప్పంతా వాళ్లదే అనను, ఉద్ధవ్ ప్రభుత్వమూ వార్డులతో ఆడుకుంది, కోర్టు సంగతి కోర్టుది. కానీ 2022లో ఇరవై మూడేళ్లున్న మా వాడు ఈ మూడేళ్లలో నేర్చుకున్నది ఫ్లెక్సీ సైజులు, ఏ నాయకుడి ఫొటో ఎంత పెద్దగా ఉండాలి, ఎవరి పక్కన ఎవరు రాకూడదు అన్నదే. బడ్జెట్ పుస్తకం వాడు ఒక్కసారీ చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు.

పైగా నలుగురి ప్రభాగ్, అంటే ఒకే వార్డుకి నలుగురు కార్పొరేటర్లు. 1992లో ఆయన గెలిచినప్పుడు వార్డుకి ఒక్కడే. గట్టర్ పొంగితే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో ముసలమ్మకి కూడా తెలుసు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండి, నగర వికాస శాఖ కూడా తన దగ్గరే పెట్టుకున్న రోజుల్లో, ముంబై తప్ప మిగతా కార్పొరేషన్లకి నలుగురు సభ్యుల వార్డు తెచ్చారు. 2017లో మేం అలాగే నాలుగు బటన్లు నొక్కాం. 102 సీట్లలో బీజేపీకి 49 వచ్చాయి, సోలాపూర్‌కి మొదటిసారి ఆ పార్టీ మేయర్ వచ్చింది, శోభా బనశెట్టి. తర్వాత రెండేళ్లకు పైగా మన తెలుగావిడ శ్రీకాంచన యన్నం, గడువు ముగిసేనాటికి ఆవిడే మేయర్. తెలుగు మేయర్ అని మా తెలుగువాళ్లుండే పూర్వ్ భాగ్‌లో అందరం సంబరపడ్డాం, నేనూ. కానీ ప్రభాగ్‌లో మా పని ఏదైనా నలుగురి మధ్య క్యారమ్ కాయిన్‌లా తిరిగేది. ఒకరి దగ్గరికెళ్తే అది ఆవిడ గల్లీ అనేవాళ్లు, ఆవిడ దగ్గరికెళ్తే ఫండ్ ఆయన దగ్గరుందనేవారు. నలుగురు ఉంటే గుర్తు గెలుస్తుంది, మనిషి గెలవడు. రామ్‌నగర్‌లో ఆనాడు నలుగురి ప్యానెల్ ఉండుంటే ఆ కుర్ర లాయర్ మొహం ఎవరికైనా గుర్తుండేదా? మధ్యాహ్నం లెడ్జర్ ముందు కూర్చుని ఇదే ఆలోచిస్తూ ఒక ఇన్‌వాయిస్ రెండుసార్లు చదివాను.

సాయంత్రం కరీంనగర్ నుంచి చిన్నాన్న ఫోన్. మా పద్మశాలీలందరికీ అటువైపే ఎక్కడో వేళ్లుంటాయి, మాకు సిరిసిల్ల వైపు. విషయం చెబితే, "మా బండి సంజయ్ గూడ కార్పొరేటరే గదరా, 2005ల గెలిశిండు, ఇప్పుడు కేంద్రమంత్రి" అన్నాడు. నిజమే, ఆ పార్టీలో కార్పొరేషన్ గుమ్మంలోంచి వచ్చినవాళ్లు కొందరున్నారు. చిన్నాన్న ఇంకా చాలా చెప్పాడు, సగం మోకాళ్ల నొప్పుల గురించి.

అమ్మ ఇదంతా వింటూ వత్తులు చేసుకుంటోంది. ఆవిడ ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది, ఓటు ఎప్పుడూ ఎర్రజెండాకే. సీపీఎం నాయకుడు ఆడం మాస్తర్ పేరెత్తితే చాలు కళ్లు పెద్దవవుతాయి. కిందటేడు జనవరిలో రేనగర్‌లో బీడీ కార్మికుల ఇళ్లకి మోదీ వచ్చి తాళాలిచ్చినప్పుడు, మాస్తర్ కూడా అదే వేదిక మీద ఉండటం చూసి ఆవిడ రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది. మూడోనాడు, "ఇల్లు ఇల్లే గదా" అని తేల్చేసింది. ఆధార్ కాగితం మాత్రం చివరికి మా పక్కింటి తమ్ముడికి తెలిసిన గెజిటెడ్ అధికారి దగ్గర చేయిద్దామని అనుకున్నాం, గురువారం రమ్మన్నాడు.

రాత్రి తొమ్మిదింటికి మేనల్లుడి వాట్సాప్. శ్రావణ పూర్ణిమకి మార్కండేయ రథయాత్ర ఉంది కదా, దానికి వాడి పేరుతో శుభాకాంక్షల ఫ్లెక్సీ వేయిస్తాడట, పూర్వ్ భాగ్ కాబట్టి తెలుగులో కూడా ఉండాలట, అక్షరాలు సరిచూడమని డిజైన్ పంపాడు. 'మార్కండేయ'లో తప్పు ఉంది, దిద్దాను. లెక్కపెడితే పైన పదకొండు మంది నాయకుల ఫొటోలు, కింద మూలన వీడు, వీడి ఫోన్ నంబర్ భూతద్దం పెట్టి వెతకాలి. 'సగం ఫొటోలు తీసేసి నంబర్ పెద్దగా వెయ్యరా, ఎవరికైనా పని పడితే ఫోన్ చేస్తారు' అని రాశాను.

వెంటనే జవాబు వచ్చింది. 'ఫొటోలు తీస్తే టికెట్ ఇయ్యరు మామా. నంబర్ గెలిశినంక ఏద్దాం.'