సొంత డ్రోన్ విలువ

సర్వే కోసం డ్రోన్లు ఎగరేయడం నా పని. మొన్న రెండు ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ పోయింది. స్క్రీన్ మీద ఉపగ్రహాల సంఖ్య గబగబా పడిపోయింది, డ్రోన్ గాలివాటుకు పక్కకి జారడం మొదలుపెట్టింది. చూపు దాని మీదే పెట్టి మెల్లగా దింపాను కానీ టెన్షన్ మాత్రం చాలాసేపు తగ్గలేదు.

అప్పటినుంచీ ఉక్రెయిన్ సైనికులే గుర్తొస్తున్నారు. వాళ్లకి ఇది రోజూ ఉండేదే, పైగా శత్రువు కావాలని సిగ్నల్ చెడగొడుతుంటాడు. యుద్ధం మొదట్లో నిఘాకి వాళ్లు చైనా మావిక్ డ్రోన్ల మీద బాగా ఆధారపడ్డారు. అవి మామూలు జనం వీడియోలు తీసుకోవడానికి చేసినవి. 2022 ఏప్రిల్‌లో వాటిని తయారుచేసే కంపెనీ డీజేఐ రష్యా, ఉక్రెయిన్ రెండు చోట్లా వ్యాపారం ఆపేసింది. 2023లో చైనా డ్రోన్ల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది.

లెలెకా-100, ఫురియా లాంటి సొంత నిఘా డ్రోన్లు వాళ్లకి అంతకుముందే ఉన్నాయి. షార్క్ మాత్రం 2022లో, యుద్ధం నడుస్తుండగానే వచ్చింది. నాకు వీటిలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది రేంజ్ కాదు, కెమెరా కాదు. ఫలానా ఫ్రీక్వెన్సీ జామ్ అవుతోందని ఎగరేసేవాడు చెబితే, తయారుచేసినవాడు అదే దేశంలో కూర్చుని రేడియో మార్చగలడు, సాఫ్ట్‌వేర్ సరిచేయగలడు. బయట కొన్న డ్రోన్‌లో ఆ తాళం మన చేతిలో ఉండదు.

అయినా మోటార్లు, బ్యాటరీల వంటి విడిభాగాల కోసం వాళ్లు చైనా వైపు చూడక తప్పలేదు. అసలు కష్టం అక్కడే ఉంది.