తప్పు రాసుకున్న రిజిస్టరు

పిన్నిని శుక్రవారం పంపించేస్తామని ఆసుపత్రి వాళ్ళు మంగళవారం మధ్యాహ్నం చెప్పారు. పక్షవాతం వచ్చి అప్పటికి పదకొండు రోజులు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట లేదు. నీళ్ళు తాగితే పొలమారుతోంది. వయసు 74. ఇంటికి తీసుకువెళ్ళి చూసుకోవడం మా వల్ల కాదని అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. నేనే విప్పాను. ఆ తర్వాత బంధువుల్లో ఇద్దరు ముగ్గురు "సొంత మనుషులు ఉండి కూడానా" అన్నారు. వాళ్ళలో ఎవరూ రాత్రి రెండింటికి లేచి ఒక మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టిన వాళ్ళు కాదు కాబట్టి ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు.

పిన్ని కొడుకు దూరదేశంలో ఉన్నాడు. వాడు ఆ రాత్రే పద్నాలుగు పునరావాస కేంద్రాల పట్టిక తయారుచేసి పంపాడు. ఫొటోలు, మార్కులు, వచ్చిన పొగడ్తలు, తిట్లు అన్నీ గడుల్లో సర్దాడు. ఎంత శ్రద్ధగా చేశాడో చూస్తే జాలి వేసింది. చేతికి అందని దూరంలో ఉన్నవాడు పట్టికలే కదా వేయగలడు. అయితే ఆ ఫొటోలన్నీ చూశాక ఒకటి గమనించాను. అన్నిటిలోనూ మంచాలు ఉన్నాయి, కుర్చీలు ఉన్నాయి, పూలకుండీలు ఉన్నాయి. ముసలివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

నేను లెక్కల తనిఖీ శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. వైద్యం నాకు తెలియదు. రిజిస్టరు చూడడం తెలుసు. పట్టికలోంచి మూడింటిని ఏరుకుని, ఒక నోటు పుస్తకం పట్టుకుని బయలుదేరాను.

మొదటి దాంట్లో నన్ను గాజు తలుపుల హాల్లో కూర్చోబెట్టారు. మేనేజరు వ్యాయామశాల చూపించాడు. యంత్రాలు బాగున్నాయి, రెండింటి మీద ప్లాస్టిక్ తొడుగు కూడా ఇంకా తీయలేదు. ఆయన మాట్లాడుతూ ఉండగానే నేను "గదులు చూస్తాను" అని నడిచాను. ఆయనకు నచ్చలేదు కానీ వెనకే వచ్చాడు.

ఒక గదిలో ఎడమ వైపు పక్షవాతం వచ్చిన పెద్దాయన ఉన్నారు. నీళ్ళ సీసా ఎడమ పక్క బల్ల మీద ఉంది. ఆయన కుడి చేతికి అది అందదు. పక్క గదిలో ఒక ఆవిడకు పిలుపు గంట తీగ మంచం కిందికి జారిపోయి ఉంది. ఆరు గదులు చూస్తే నాలుగింటిలో ఇదే వరస. స్వాధీనం తప్పిన పక్కను మెదడే మరిచిపోవడం కొందరిలో ఉంటుందట. అలాంటివారికి ఆ వైపు ధ్యాస మళ్ళించడానికి వస్తువులు కావాలనే అటు పెడతారని ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు చెప్పి ఉన్నాడు. అందుకని తొందరపడి తీర్పు చెప్పకూడదని అక్కడి ఆయాను అడిగాను. "తుడిచేటప్పుడు అడ్డం వస్తే జరిపానమ్మా" అంది. నిజం చెప్పింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఎటు పెట్టాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అక్కడే ఇంకొకటి కూడా చూశాను. ఇద్దరు ఆయాలు ఒక పెద్దావిడను చంకల్లో చేతులు వేసి మంచం మీంచి లేపారు. ఆమె చచ్చుబడిన చెయ్యి వేలాడుతోంది. పక్షవాతం వచ్చిన చేతికి భుజం దగ్గర కండరాల పట్టు ఉండదు. అలా లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పితో వ్యాయామం కూడా ఆగిపోతుంది. నడుముకు బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని లేపాలి. ఇది ఆసుపత్రిలో మాకు మొదటి వారంలోనే నేర్పారు. ఇక ఆ చోటి గురించి ఆలోచించవలసింది ఏమీ లేకపోయింది. బయటికి వస్తుంటే మేనేజరు నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, ముందస్తు సొమ్ము ఏ పద్ధతిలో కడతారు అని.

రెండోది అద్దంలా ఉంది. ఎంత నిశ్శబ్దం అంటే నా చెప్పుల చప్పుడుకు నాకే మొహమాటం వేసింది. ఉదయం పదకొండు గంటలకు వెళ్ళాను. అందరూ నిద్రపోతున్నారు. మంచాల రెండు పక్కలా కడ్డీలు ఎత్తి ఉన్నాయి. ఒకరిద్దరు పడుకుని ఉంటే సరే, అందరూనా? రాత్రి నిద్రమాత్రలు ఎంతమందికి ఇస్తారని నర్సును అడిగాను. "అవసరమైనవాళ్ళకే" అంది, అవసరం ఎవరిదో చెప్పలేదు. పెద్ద వయసువారికి అలాంటి మందులతో తూలిపడే ప్రమాదం, మతి తికమకపడే ప్రమాదం పెరుగుతాయి. పెద్దవారికి ఆచితూచి ఇవ్వవలసిన మందులకు బీర్స్ జాబితా అని ఒకటి 1991 నుంచీ ఉంది. నిద్రమాత్రలు అందులో కనిపిస్తాయి. కడ్డీల సంగతి కూడా అంతే. వాటిని దాటబోయి పడితే మంచం ఎత్తుకు కడ్డీల ఎత్తు తోడవుతుంది.

అయినా ఆ శుభ్రత నన్ను పట్టి లాగింది, దాచుకోను. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. మూడు గంటల నలభై నిమిషాలకు ఒక మంచం చివర తగిలించిన చార్టు చూశాను. కదలలేని మనిషిని రెండేసి గంటలకు ఒకసారి ఒత్తిగిలించి పడుకోబెట్టడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. లేకపోతే నడుము కింది ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర చర్మం నలిగి పుండ్లు పడతాయి. ముందు ఎర్రగా కనిపిస్తుంది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఎప్పుడు, ఏ వైపుకు తిప్పారో రాసి సంతకం చేసే చార్టు అది.

అందులో నాలుగు గంటల గడి నిండి ఉంది. ఆరు గంటల గడి కూడా నిండి ఉంది. సంతకాలు ఒకే సిరా, ఒకే వాలు.

రాబోయే కాలానికి సంతకాలు పెట్టిన నగదు పుస్తకాలు నా ఉద్యోగంలో చాలా చూశాను. వాటిలో కొట్టివేతలు ఉండవు, మరకలు ఉండవు, కూడిక ఎప్పుడూ సరిపోతుంది. అక్కడ పోయేది డబ్బు. ఇక్కడ ఒక మనిషి చర్మం. మేనేజరుకు చూపించాను. "పని ఒత్తిడిలో సౌకర్యం కోసం రాసుకుంటారండీ, తిప్పడం మాత్రం తిప్పుతారు" అన్నాడు. ఉండవచ్చు. నోటు పుస్తకం మూసేశాను.

మూడో దాని గురించి తమ్ముడి పట్టికలో మార్కులు తక్కువ. గోడలకు పెచ్చులు, లిఫ్టు ముక్కుతూ మూలుగుతూ వస్తుంది. నేను ఉదయం ఎనిమిదింటికి, చెప్పకుండా వెళ్ళాను. వరండాలో మూత్రం వాసన. వెనక్కి తిరిగిపోదామనుకుని, తనిఖీలో వాసన ఒక్కటే సాక్ష్యం కాదని సర్దిచెప్పుకుని అరగంట ఆగాను. ఎనిమిదిన్నరకు వాసన లేదు. గోడలకు పట్టిన వాసన వేరు, ఇప్పుడే తడిసిన పక్క వాసన వేరు. రెండోది మనుషులు ఉన్నచోట ఉండనే ఉంటుంది. ఎంతసేపు ఉంటుందన్నదే చూడాలి.

లోపల గోల. ఎవరో పెద్దాయన ఒక ఆయాను తిడుతున్నారు, ఆమె నవ్వుతూ ఎదురు చెబుతోంది. వ్యాయామశాలలో యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఫిజియోథెరపిస్టు ఒకామె నేల మీద మోకాళ్ళు వేసి ఒకాయన పాదాన్ని సరిగ్గా ఆనించి "ఇప్పుడు లేవండి" అంటోంది. ఆయన నడుముకు బెల్టు ఉంది.

ఇక్కడ ఒత్తిగిలించే చార్టు అడిగితే పెద్ద నర్సు ఏ మంచానిది కావాలో చూసుకోమంది. చూశాను. ముందు రోజు రాత్రి రెండు గంటల గడి ఖాళీగా ఉంది. దాని కింద ఇరికించి ఇలా రాసి ఉంది: "ఒకరు సెలవు. 3:15కి తిప్పాం. ఎడమ మడమ ఎర్రగా ఉంది, డాక్టరుకు చెప్పాలి." పక్కనే వేరే చేతిరాతలో, వేరే సిరాతో "చెప్పాను, దిండు మార్చాం" అని ఉంది.

ఆ గడి చూసి నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. గంటంపావు ఆలస్యం చేశామని ఎవరూ అడగకుండానే రాసుకున్న చోటు అది. తప్పు జరగని చోటు నాకు దొరకదని అప్పటికే తెలుసు. తప్పు జరిగితే నాకు తెలిసే చోటు చాలనుకున్నాను.

ఆ తర్వాత ప్రశ్నలు అడిగింది నేను కాదు, ఆ నర్సు. పిన్నిది కుడిచేతి వాటమా? కళ్ళజోడు ఉందా? చెవి ఏ పక్కది బాగా వినిపిస్తుంది? చివరిసారి తినిపించింది ఎవరు, ఎలా కూర్చోబెట్టి? మూత్రపు గొట్టం ఉంటే ఎందుకు ఉంది, ఎప్పుడు తీస్తామన్నారు? గొట్టం ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది కాబట్టి కారణం లేకపోతే వచ్చిన రోజే తీయించే ఏర్పాటు చేస్తామంది. మింగడం సంగతి స్పీచ్ థెరపిస్టు పరీక్షించి, ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో మంచం దగ్గర రాసి పెట్టేదాకా ఎవరూ నోట్లో ఏమీ పోయరట. తిన్నాక అరగంటైనా నిటారుగా కూర్చోబెడతారట. స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పేవాళ్ళని మాత్రమే నేను అనుకునేదాన్ని. పొలమారినది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెచ్చిపెట్టకుండా చూసేది కూడా వాళ్ళేనట.

ఎన్నాళ్ళలో నడుస్తుంది అని అడిగాను, అందరూ అడిగేదే. థెరపిస్టు రోజులు చెప్పలేదు. బార్తెల్ సూచిక అని 1965 నాటి ఒక లెక్క చూపించింది. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మెట్లెక్కడం లాంటి పది పనులకు కలిపి వంద మార్కులు. ఆసుపత్రి కాగితాల ప్రకారం పిన్నికి పాతిక. మొదటి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువగా ఉంటుందనీ, రెండు వారాలకు ఒకసారి ఈ లెక్క వేసి నా చేతికి ఇస్తామనీ చెప్పింది. మా పిన్ని లెక్కల టీచరు. జీవితమంతా పిల్లలకు మార్కులు వేసిన మనిషికి పాతిక మార్కులా అని నాకు మనసులో ఎక్కడో గుచ్చుకుంది కానీ, లెక్క ఉన్నందుకు ఊరట కూడా కలిగింది.

ఒక ఆదివారం ఉదయం ఒకసారి, ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి వెళ్ళి చూడనిదే ఒప్పందం మీద సంతకం పెట్టకూడదన్నది నా నియమం. ఆసుపత్రి గడువు శుక్రవారం కాబట్టి ఆదివారం కుదరలేదు. గురువారం రాత్రి వెళ్ళాను. 38 మంచాలకు ఇద్దరు నర్సులు, అయిదుగురు ఆయాలు ఉన్నారు. ఎక్కువేమీ కాదు. అయితే ఒక గదిలోంచి గంట మోగితే చేతి గడియారం చూశాను, మూడు నిమిషాలలోపు ఎవరో వెళ్ళారు. ఒప్పందం కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదివాను. "ఇతర సేవలు" అన్న ఒక్క వరసలో ఏమేమి దాక్కుని ఉన్నాయో రాయించుకున్నాను, అర్ధరాత్రి ఆరోగ్యం చెడితే ఎవరు వెంట వెళతారో కూడా.

ఇంత చేసినా నేను ఒక తప్పు చేశాను. పిన్నికి వెలుతురు ఇష్టమని పట్టుబట్టి వరండా చివర, పెద్ద కిటికీ ఉన్న గది తీసుకున్నాను. నర్సుల బల్లకు అది అన్నిటికంటే దూరం. వద్దని వాళ్ళు ఒకసారి చెప్పారు కూడా. నాలుగో రోజు తెల్లవారుజామున పిన్ని గంట నొక్కింది. గంట ఎడమ చేతి దగ్గరే ఉంది, నొక్కడానికి బలం చాలక సరిగ్గా మోగలేదు. చాలాసేపు తడిలోనే ఉండిపోయింది. ఉదయం నేను వెళ్ళేసరికి ఎవరూ ఏమీ చెప్పకముందే అలవాటుగా చార్టు చూశాను. "4:10. పక్క తడిసి ఉంది. గంట వినబడలేదు. గది మార్చాలి, గంట మార్చాలి." మధ్యాహ్నానికి నర్సుల బల్ల ఎదురుగా ఉన్న చీకటి గదిలోకి మార్చారు. అరచేత్తో తాకితే మోగే గంట ఇచ్చారు. తమ్ముడికి ఫోనులో చెబితే "అక్కా, దీనికి నా పట్టికలో గడి లేదు" అన్నాడు.

మూడో వారంలో ఒక రోజు పిన్నిని రెండు కడ్డీల మధ్య నిలబెట్టి థెరపిస్టు అడుగులు లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు దగ్గర ఎవరో పిలిస్తే తల తిప్పింది. "ఆరు" అన్న మాట వినిపించింది. పిన్ని అంది. పేరు అడిగితే రాదు, నీళ్ళు కావాలా అంటే మాట రాదు, వరస అంకెలు మాత్రం వస్తున్నాయి. నోటికి అలవాటైన వరసలు ఇలాంటివారిలో ఒక్కోసారి మిగిలి ఉంటాయట. థెరపిస్టు ఆ రోజు నుంచి అయిదు దగ్గర కావాలనే ఆగుతోంది. నెలాఖరు లెక్కలో పిన్నికి నలభై వచ్చాయి. కాగితం చూపిస్తే ఎడమ చేత్తో పక్కకు నెట్టేసింది. నలభైకి ఆవిడ ఎవరినీ మెచ్చుకున్న గుర్తు నాకూ లేదు.

నేను ఇప్పటికీ ఒక వేళ అంటూ లేకుండా వెళుతుంటాను. గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో పేరు, సమయం, వచ్చిన పని అని మూడు గడులు ఉంటాయి. మూడో గడిలో నేను "పిన్నిని చూడడానికి" అని రాసేదాన్ని. నిన్న ఉదయం ఆరింటికి వెళితే కాపలా మనిషి కలం నాకు ఇవ్వకుండా తనే రాసేశాడు. తిరిగి వచ్చేటప్పుడు చూశాను. "తనిఖీ" అని ఉంది. సమయం గడిలో మాత్రం ఆరింటికి బదులు ఆరున్నర వేశాడు. కొట్టివేసి, సరిచేసి, పక్కన సంతకం పెట్టించాను.