తోటకూర తింటున్నా రక్తం ఎందుకు పట్టడం లేదు?

రక్తం తక్కువగా ఉందని తెలిస్తే విశాఖలో ఏ ఇంట్లోనైనా వినబడే సలహా ఒకటే: తోటకూర తిను, మునగాకు తిను, చోడి (రాగి) అంబలి తాగు. ఇందులో తప్పేమీ లేదు కానీ ఇది సగం మాటే. ఆకులో ఐరన్ ఎంతుందన్నది ఒక లెక్క, అందులో ఒంటబట్టేది ఎంతన్నది మరో లెక్క. ఆ రెండోది అదే పూట కంచంలో ఇంకేమున్నాయో చూస్తే గానీ తేలదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం ఆడవారికి రోజుకు 29 మిల్లీగ్రాములు, మగవారికి 19 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. మన అన్నం, పప్పు, కూరల్లోని ఐరన్‌లో పదో వంతు కూడా ఒంటబట్టదని ముందే లెక్కేసుకున్నారు కాబట్టే అంకె అంత పెద్దది. 100 గ్రాముల పచ్చి తోటకూరలో ఉండేది సుమారు 4.5 మిల్లీగ్రాములు. ఆ కాస్తలో ఒంటబట్టాల్సినదానికి టీ కూడా అడ్డుపడుతుంది.

భోంచేసి చెయ్యి కడుక్కోగానే టీ తాగే అలవాటు మానుకుంటే చాలా తేడా కనిపిస్తుంది. టీలోని టానిన్లు కడుపులోనే ఐరన్‌ను పట్టేసి, పేగులు పీల్చుకోకుండా చేస్తాయి. ఒంటబట్టే ఐరన్ సగానికి సగం తగ్గిపోవచ్చు. పాలు కలిపిన టీ అయినా ఆ గుణం పోదు. కాఫీ అంత చెడ్డది కాదు గానీ అదీ అడ్డే. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి.

దీనికి విరుగుడు విటమిన్ సి. పప్పులో నిమ్మరసం పిండేది పొయ్యి ఆపి, కాస్త చల్లారాకే. ఉడుకుతుండగా పిండితే పులుపు మిగులుతుంది, విటమిన్ పోతుంది. అయినా సగం నిమ్మచెక్కలో ఉండేది కొంచెమే. 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బీచ్ రోడ్డులో సాయంత్రం ఉప్పూకారం అద్దుకుని తినే జామకాయనే మధ్యాహ్నం అన్నంతో పాటు తింటే దాని విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

చోళ్ల గురించి ఒక మాట. వాటి గొప్పతనం కాల్షియంలో ఉంది: 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల వరకు. రక్తం కోసం వాటినే నమ్ముకోవద్దు. వాటిలోని ఫైటేట్లు అనే పదార్థాలు ఐరన్‌ను పట్టేసి వదలవు. మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టించినా, అంబలిని రాత్రంతా పులియబెట్టినా ఫైటేట్లు కొంత తగ్గుతాయి.

చేపలు తినేవారికి ఇంకో దారి ఉంది. చేపలో ఉన్న ఐరన్ తేలిగ్గా ఒంటబడుతుంది, పైగా పక్కనున్న ఆకుకూరలోని ఐరన్ కూడా ఒంటబట్టేలా చేప చేస్తుంది. తోటకూరలో నాలుగు ఎండు నెత్తళ్లు వేసి వండడం ఈ లెక్కన తెలివైన వంటే. ముళ్లతో సహా నమిలితే కాల్షియం కూడా అందుతుంది. బీపీ ఉన్నవారు మాత్రం వాటిని ముందు నీళ్లలో నానబెట్టి, రెండు మూడు సార్లు కడిగి ఉప్పు తగ్గించుకోవాలి.

రక్తహీనత ముదిరితే తిండి ఒక్కటే చాలదు, మాత్రలు తప్పవు. గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దాన్ని కాల్షియం మాత్రతో కలిపి మింగడమే అందరూ చేసే పొరపాటు. రెండింటికీ మధ్య 2 గంటలు ఆగాలి. కాల్షియం భోజనంతో, ఐరన్ భోజనమయ్యాక గంట రెండు గంటలకు వేసుకోవాలి. విరేచనం నల్లగా అవుతుందని భయపడి మానేసేవారు చాలామంది. అది ఒంటబట్టకుండా మిగిలిన ఐరన్ వల్లే, ప్రమాదమేమీ లేదు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి రాగానే ఆపేయకూడదు, నిల్వలు నిండాలంటే సాధారణంగా మరో మూడు నెలలు వాడాలి. డబ్బా పిల్లలకు అందకుండా పెట్టండి, ఎక్కువ మింగితే ప్రాణాలకే ముప్పు.

నెల రోజులు సక్రమంగా వాడినా హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగకపోతే, కారణం ఐరన్ లోటు కాకపోవచ్చు. శుద్ధ శాకాహారులకూ, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారికీ విటమిన్ బి12 తగ్గి ఉండొచ్చు. ఎర్ర రక్తకణాలు మామూలుకంటే పెద్దవైతే, అంటే రిపోర్టులో ఎంసీవీ 100 దాటితే, ఆ అనుమానం బలపడుతుంది. పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాలవారైతే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు) పరీక్ష చేయించకుండా నెలల తరబడి ఐరన్ మింగకూడదు.