సముద్రం ఒడ్డున చెక్కపని

మా హాల్లో ఉన్న పనసచెక్క బల్ల కింద దూరి చూస్తే పెన్సిల్‌తో రాసిన అంకెలు కనిపిస్తాయి. ఆగస్టు 607, జనవరి 603, మళ్ళీ ఆగస్టు 607, ఆ తర్వాతి జనవరి 603న్నర. బల్ల వెడల్పు అది, మిల్లీమీటర్లలో. పొడవు కూడా కొలిచేదాన్ని కానీ అది ఎప్పుడు చూసినా 1,220 దగ్గరే ఉండేసరికి రాయడం మానేశాను. ఇంట్లో సొంతంగా చెక్క సామాను చేసుకుందాం అనుకునేవాళ్ళకి, అదీ మన విశాఖలాంటి సముద్రపు ఊళ్ళో, నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఈ నాలుగు మిల్లీమీటర్ల సంగతే. ఏ రంపం కొనాలి, ఏ పాలిష్ వెయ్యాలి అన్నవన్నీ దీని తర్వాతే.

నాకు ఇది తెలిసింది మొదటి బల్ల పగిలాక.

2020లో పాపకి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. మేముండేది సీతమ్మధారలో మూడో అంతస్తు ఫ్లాటు, చదువుకునే బల్ల లేదు. కొట్లలో దొరికేవి ఎక్కువగా రంపపు పొట్టుని అదిమి పైన కాయితం అంటించిన బోర్డులే. వాషింగ్ మెషిన్ పక్కన అలాంటి అలమర ఒకటి ఉండేది మాకు, రెండు వానాకాలాలకే దాని అడుగు ఉబ్బిపోయి చేత్తో నొక్కితే తడిసిన అటుకుల్లా రాలింది. మళ్ళీ అదే కొనడానికి మనసొప్పలేదు. ఊరి బయట ఒక కలప అడితికి వెళ్ళి వేపచెక్క తెచ్చాను. "ఆరిన సరుకేనమ్మా, కోసి ఏడాదైంది" అన్నాడాయన, నేను నమ్మాను. పలకల్ని పక్కపక్కన అంటించి, కింద చట్రానికి ఫెవికాల్ దట్టంగా రాసి, ఆరేసి అంగుళాలకి ఒక స్క్రూ చొప్పున బిగించాను. ఎంత గట్టిగా బిగిస్తే అంత మన్నుతుందని నా నమ్మకం. సెప్టెంబరు చివర్లో పని అయిపోయింది, పాప దాని మీద పుస్తకాలు సర్దుకుంది, నేను దాని ఫోటో ఇంట్లో అందరికీ పంపాను.

జనవరిలో ఒక రాత్రి ఠప్‌మని చప్పుడు. గ్యాస్ సిలిండరేమో అని టెన్షన్‌తో లేచి ఇల్లంతా చూశాం. పొద్దున్న కర్టెన్ తీస్తే బల్ల మీద ఒక చివర నుంచి మూరెడు పొడవున పగులు, మొదట్లో రూపాయి బిళ్ళ నిలువునా దిగేంత సందు. పాప వేలు పెట్టి ఆ పగులు వెంటే గీస్తూ "అమ్మా, దీనికి నొప్పేసిందా" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

కంచరపాలెంలో మా పెళ్ళికి మంచం చేసిచ్చిన వడ్రంగి ఉన్నారు, డెబ్భై దాటాయి, బాబాయ్ అని పిలుస్తాను. ఫోన్లో ఫోటో చూపిస్తే ఆయన పగులు వైపు చూడలేదు, బల్ల కింద ఎలా ఉందో చూపించమన్నారు. చూసి, "ఏటమ్మా, ఇలా బిగించీసినావు? సెక్క మెసలాల గదా. కాళ్ళూ సేతులూ కట్టీసి కూకోమంటే ఏ మడిసైనా కూకుంటాడేటి?" అన్నారు. అంతే, నాలుగు ముక్కల్లో నాకు మొత్తం అర్థమైంది.

గాలిలో తేమ పెరిగితే చెక్క దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, గాలి పొడిబారితే వదిలేసి కుంచించుకుపోతుంది. పాలిష్ వేసినా, ఎన్నేళ్ళయినా ఈ గుణం పోదు, పాలిష్ దాన్ని కాస్త నిదానం చేస్తుంది అంతే. కాకపోతే ఈ కదలికంతా అడ్డంగానే, పోగుల దిశలో, అంటే పొడవులో, దాదాపు ఏమీ ఉండదు. చట్రం కొయ్య పొడవుగా వెళ్తుంది, దాని మీద బల్లపలక అడ్డంగా పడుతుంది. కిందది కదలదు, పైది కదిలి తీరాలి. మధ్యలో నేను బిగించిన స్క్రూలు. పలకకి కుంచించుకోడానికి దారి లేక తనే చీలిపోయింది. పైగా నా చెక్క పచ్చిది. మిగిలిన ఒక ముక్కని అడితి నుంచి తెచ్చిన రోజే వంటింటి తూకం మీద పెట్టి చూశాను, 512 గ్రాములు. బాబాయ్ మాట విన్నాక అదే ముక్క వెతికి తూచితే 446. అరవై ఆరు గ్రాముల నీళ్ళు ఆ కాస్త ముక్కలోంచే పోయాయంటే బల్ల మొత్తంలోంచి ఎన్ని పోయుంటాయో చూసుకోండి.

ఇప్పుడు చెక్క ఏది తెచ్చినా చివర్న ఒక జానెడు ముక్క కోసి, మీద తారీఖు రాసి, వారానికోసారి తూస్తాను. బరువు తగ్గడం ఆగి రెండు మూడు వారాలు అక్కడే ఉంటే ఆ ముక్క మా ఇంటి గాలికి అలవాటు పడ్డట్టు. ముక్క తొందరగా ఆరుతుంది, పలకకి ఇంకా టైమ్ పడుతుంది కాబట్టి ఆ పైన ఇంకో నెల ఆగుతాను. తేమ కొలిచే మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కొనగలిగితే కొనండి, మన వైపు 12 నుంచి 15 శాతం మధ్య చూపిస్తే పనికి తీసుకోవచ్చు. కోసిన పచ్చి పలక నీడలో ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. ఆరబెట్టేటప్పుడు ఒకదాని మీద ఒకటి అతికినట్టు పేర్చకూడదు, మధ్యలో సన్నపు పుల్లలు అడ్డంగా పెట్టి గాలి ఆడనివ్వాలి, కోసిన చివర్లకి పెయింటో మైనమో పూయాలి, ఎందుకంటే చెక్క చివర్ల నుంచే తొందరగా ఆరి అక్కడే మొదట చీలుతుంది.

పనసచెక్క సంగతికి వస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు విశాఖలో ఉన్నవాళ్ళకి ఆ గాలి చప్పుడు మరిచిపోవడం కష్టం. వీధి వీధినా చెట్లు పడ్డాయి, చాలామటుకు ముక్కలు చేసి అడ్డం తీసేశారు, పొయ్యిల్లోకి పోయాయి. సబ్బవరం దగ్గర మా నాన్నగారి ఊళ్ళో పెరట్లో పనసచెట్టు కూడా ఆ రోజే వేళ్ళతో సహా లేచింది. ఏటా వేసవిలో ఆ చెట్టు కాయలే వీధందరికీ పంచేవాళ్ళం. నాన్నగారు దాన్ని అమ్మలేదు, సామిల్లులో రెండంగుళాల పలకలు కోయించి పశువుల శాల అటక మీద పేర్చారు. ఎందుకు దాచారో ఆయనకీ తెలీదనుకుంటాను. నా వేపబల్ల పగిలిందని ఫోన్లో చెప్తుంటే, "మన పనస పలకలున్నాయి కదమ్మా, పట్టుకెళ్ళు" అన్నారు. ఆరేళ్ళు నీడలో ఆరిన చెక్క. బొబ్బిలి వీణలు చేసేది పనస దుంగతోనే. వీణకి పనికొచ్చిన చెక్క నాకెందుకు పనికిరాదు అనిపించింది.

బాల్కనీలో మొదటిసారి చిత్రిక పట్టినప్పుడు పైన మురికి బూడిదరంగు పొర లేచిపోయి లోపల్నుంచి పచ్చటి పసుపు రంగు బయటపడింది, నిజంగా పసుపుకొమ్ము విరిచినట్టే. పొట్టు తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా పసుపైంది, ఉతికినా పోలేదు. ఆ రంగు నిలవదు, ఏడాదిలో తేనె రంగుకి, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. మా బల్ల మీద ఫ్లవర్‌వేజ్ ఉండే చోట ఇంకా కాస్త పసుపు గుండ్రంగా మిగిలింది.

పలకల్లో చేవ చూసుకోవాలి. మనిషిలో చేవ ఉందా అని అడుగుతామే, ఆ మాట కలప పనిలోనూ ఇదే. చెట్టు నడిమి ముదురు భాగం చేవ, దాని చుట్టూ బెరడు కింద ఉండేది తెల్లచెక్క. తెల్లచెక్కలో పిండి పదార్థం ఎక్కువ, పుచ్చుపురుగుకి అదే తిండి, టేకైనా సరే తెల్లచెక్క తెల్లచెక్కే. అడితిలో టేకు అని చెప్పి సగం తెల్లభాగం ఉన్న పలక ఇస్తే తీసుకోకండి. లెక్క కూడా మీరే వేసుకోండి: మందం అంగుళాల్లో, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగుల లెక్క వస్తుంది. నాలుగడుగులకి రెండడుగుల బల్లకి, ఒకటింపావు అంగుళం పైపలక, మూడంగుళాల కాళ్ళు, చట్రం కలిపి నాకు 1.8 సీఎఫ్‌టీ తేలింది. ముడులు, చీలికలు, కోత పోను కావాలంటే పావు వంతు ఎక్కువ తీసుకోవాలి. అడితిలో అంగుళం అని రాసేది చిత్రిక పట్టాక ముప్పావు అంగుళానికి వచ్చేస్తుంది, అది కూడా ముందే లెక్కలో పెట్టుకోండి.

ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి నా సలహా, పెద్ద కోతలు సామిల్లులోనే చేయించుకోండి. డబ్బు కొంచెం పోతుంది కానీ దుమ్ము, గోల ఇంటికి రావు, మధ్యాహ్నం పడుకునే పెద్దవాళ్ళకి ఇబ్బంది ఉండదు. ఇంటికి వచ్చాక నాకు కావాల్సినవి ఒక మంచి చేతిరంపం, అరంగుళం ఉలి, అంగుళం ఉలి, చిత్రిక, మూలమట్టం, డ్రిల్లు, నాలుగు క్లాంపులు, పదును పెట్టే రాయి. మాస్కు తప్పనిసరి, చెక్క దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

కాళ్ళకీ చట్రానికీ స్క్రూలు వెయ్యకుండా కుసులే కట్టాలని పట్టుబట్టాను. కాలికి బెజ్జం తొలిచి, చట్రం కొయ్య చివరని సన్నగా నాలుకలా చెక్కి అందులో దించడం, ఆ నాలుకే కుసి. బాబాయ్ నేర్పిన వరస ఇది: ముందు బెజ్జం, తర్వాత దానికి సరిపోయేలా కుసి. కుసి మందం కొయ్య మందంలో మూడో వంతు ఉండాలి. గీసిన గీతకి అవతల, పారేసే వైపు రంపం నడవాలి, గీత చెక్క మీదే మిగలాలి. మొదటి కుసికి రెండు సాయంత్రాలు పట్టింది. రంపం గీత దాటి లోపలికి పోయి రెండు ముక్కలు పాడయ్యాయి, మూడోది కొంచెం లావుగా వచ్చింది. ఉలితో కాయితమంత పొర తీస్తూ, పెడుతూ, తీస్తూ, పెడుతూ ఉంటే ఒకసారి అరచేత్తో నొక్కగానే సగం దాకా దిగి ఆగింది. కొయ్యసుత్తితో రెండు దెబ్బలు. ఫుప్‌మని లోపలి గాలి బయటికి వచ్చి కుసి మొదట్లో ఉన్న కొయ్య భుజం బల్లకాలికి ఆనుకుంది. జిగురు లేకుండానే కాలు పట్టుకుని ఎత్తితే చట్రం కూడా లేచింది. నేను చేతులతో చేసిన వాటిలో నాకు అంత సంతోషం ఇచ్చింది ఇంకోటి లేదు. దానికి ఒకటే షరతు, ఉలి పదునుండాలి. మొద్దు ఉలితో బలం ఎక్కువ పెడతాం, జారి చేతికి తగిలేది అప్పుడే.

పైపలకని ఈసారి చట్రానికి అంటించలేదు. చట్రం లోపలి వైపు గాడి తీసి, చిన్న కొయ్య బిళ్ళలకి నాలుకలాంటి అంచు చెక్కి, ఆ నాలుక గాడిలో ఉండేలా బిళ్ళని పలకకి స్క్రూ చేశాను. పలక పైకి లేవదు, కానీ అటూ ఇటూ జరగడానికి చోటుంది. అంత పని వద్దనుకుంటే చట్రంలో స్క్రూ బెజ్జాల్ని అడ్డంగా కోలగా చేసి, నడిమి స్క్రూ మాత్రం గట్టిగా, అంచులవి కాస్త వదులుగా బిగించండి, సరిపోతుంది. పెన్సిల్ అంకెలు రాయడం అప్పుడే మొదలుపెట్టాను, నిజంగా కదులుతోందా అని చూద్దామని.

స్క్రూల విషయంలో ఇక్కడ పిసినారితనం పనికిరాదు. ఉప్పుగాలికి మామూలు ఇనుము ఏడాదిలో తుప్పు, పైగా టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువున్న చెక్కలో ఇనుము చుట్టూ నల్లటి మరక దిగుతుంది, అది గీకినా పోదు. స్టెయిన్‌లెస్ స్టీలు, లేకపోతే ఇత్తడి. ఇత్తడి మెత్తన, నేరుగా తిప్పితే తల తెగి లోపలే ఉండిపోతుంది. ముందు అదే సైజు స్టీలు స్క్రూ ఒకటి తిప్పి, తీసేసి, ఇత్తడిదానికి కొవ్వొత్తి రాసి తిప్పండి.

పాలిష్‌కి మొదట లక్కే అనుకున్నాను. ఏటికొప్పాకలో అంకుడుకర్ర బొమ్మల మీద ఆ లక్క మెరుపు చూసి చిన్నప్పట్నుంచి నాకు ఇష్టం. ఒక ముక్క మీద వేసి వేడి టీ గ్లాసు పెట్టి చూస్తే తెల్లటి వలయం పడింది. బొమ్మకి పరవాలేదు, రోజూ తిని, తాగి, తుడిచే బల్లకి కష్టం. అందుకే 80, 120, 180, 220 నంబర్ల శాండ్ పేపర్ వరసగా పట్టి, అవిసె నూనె మూడు పూతలు వేశాను. పూతకీ పూతకీ మధ్య రోజులు పట్టింది, వానల్లో ఇంకా ఎక్కువ. కింద వైపు ఎవరు చూస్తారులే అని వదలకండి, పైన పూత ఉండి కింద లేకపోతే రెండు వైపులా తేమ సమానంగా పోదు, పలక దోనెలా వంగుతుంది. ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం: అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి డస్ట్‌బిన్‌లో పడెయ్యకండి. ఆరుతూ వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది. నేను నీళ్ళలో ముంచి, బాల్కనీ రెయిలింగ్ మీద విడిగా పరిచి ఆరాకే పారేస్తాను.

చెక్క కొనడం ఖర్చనుకునేవాళ్ళు మొదట ప్యాలెట్లతో, అంటే సరుకు రవాణాకి వాడే చెక్క చట్రాలు, పెట్టెలతో చేయండి. పోర్టు ఊరు కాబట్టి విదేశీ యంత్రాలు వచ్చిన పైన్ చెక్క పెట్టెలు మనకి పాత సామాన్ల కొట్లలో దొరుకుతాయి. పక్కన కాల్చి వేసిన ముద్ర చూడండి, హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, అది ఇంట్లోకి వద్దు. మేకులు జాగ్రత్తగా తీసి చెప్పుల స్టాండో మొక్కల స్టాండో చేసుకోండి, పాడైనా బాధ ఉండదు.

వేపబల్లని పారెయ్యలేదు. పగులు వెంట నిలువునా కోసి, అంచులు చిత్రిక పట్టి మళ్ళీ కలిపాను, స్క్రూల చోట కోల బెజ్జాలు పెట్టాను. నాలుగంగుళాలు సన్నబడింది కానీ పాప ఇప్పటికీ దాని మీదే చదువుతుంది.

పనస పలక ఇంకొకటి మిగిలింది. అమ్మకి మోకాళ్ళు నొప్పులు, సోఫాలో కూర్చుంటే లేవలేకపోతోంది. గోడకి ఆనించి నిలబెట్టి, మోకాలి వెనక నుంచి నేల దాకా కొలిచాను, పదిహేడున్నర అంగుళాలు. ఆమెకి సరిపడా ఎత్తులో, పక్కన చెయ్యి ఊతానికి ఒక పిడితో చిన్న బెంచీ చేద్దామని. ముక్క తూకం మూడు వారాలుగా 388 దగ్గరే ఉంది, పలక వచ్చి కూడా నెల దాటింది. ఈ ఆదివారం కోస్తాను.